మూడు వేగముల పాత సైకిలు

మిట్టపల్లములు లేని కాకుమాను సీమలో సైకిలుకు మూడు వేగములేల యని కొందరనవచ్చును. ఎదురుగాలిలో ధాన్యపు బస్తాతో పోవువానికి ఆ గేర్ల విలువ తెలియును.

నాటింగ్‌హాములో 1902లో వెలసిన స్టర్మీ ఆర్చర్ సంస్థ 1936లో ఏ.డబ్ల్యు. హబ్బును వెలువరించినది. దాని తేలిక గేరు చక్రపు తిరుగుడును నాలుగవ వంతు తగ్గించును. హెచ్చు గేరు మూడవ వంతు పెంచును.

గేరు జారినచో ముందు తీగ బిగువు చూడవలెను. లోపల చిక్కని గ్రీజున్నచో కొక్కెములు పళ్లను పట్టవు. నిలబడి తొక్కువాడు పడును. కిరసనాయిలుతో కడిగి పలుచని నూనె పోయవలెను.

ఈ నమూనా దశాబ్దములపాటు పెద్దగా మారలేదు. కావున చెడిన హబ్బులోని భాగములు మరొకదానికి పనికివచ్చును. పాత సైకిలును తూకమునకు అమ్ముటకు ముందు వెనుక చక్రపు హబ్బును విప్పి దాచుడు.