లినక్స్ డిస్క్‌లో పార్టిషన్లు: ఎప్పుడు, ఎన్ని?

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదట తేల్చుకోవలసింది డిస్క్ సంగతి. డిస్క్ మొత్తాన్ని ఒకటిగా ఉంచవచ్చు, లేదా పార్టిషన్లుగా విడగొట్టవచ్చు. డెబియన్ ఇన్‌స్టాలర్ ఈ మాట నేరుగానే అడుగుతుంది: ఫైళ్లన్నీ ఒకేచోటా, హోమ్ ఫోల్డర్ విడిగానా, హోమ్‌తో పాటు వార్ (లాగ్‌లు, డేటాబేస్‌లు ఉండేచోటు), టెంప్ (తాత్కాలిక ఫైళ్లు) కూడా విడిగానా?

విండోస్‌లో ఒక్కో పార్టిషన్‌కు సి, డి అంటూ ఒక్కో అక్షరం ఉంటుంది. లినక్స్‌లో ఫోల్డర్లన్నీ రూట్ నుంచే మొదలవుతాయి. విడి పార్టిషన్‌ను ఆ వరుసలో ఏదో ఒక ఫోల్డర్ దగ్గర మౌంట్ చేస్తారు. వాడేవారికి అంతా ఒకటిగానే కనిపిస్తుంది. ఈ పద్ధతి యూనిక్స్ నుంచి వచ్చింది. 1970ల మొదట్లో యూనిక్స్ నడిచిన యంత్రాల డిస్క్‌లు కొద్ది మెగాబైట్లే పట్టేవి కనుక, ఒకటి నిండితే మరొకటి తగిలించక తప్పేది కాదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. విడగొట్టడానికి కారణాలు వేరు.

మొదటిది, డిస్క్ నిండిపోయే ప్రమాదం. సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ లోపం వల్ల ఒకే ఎర్రర్‌ను ఆపకుండా లాగ్ ఫైల్లో రాస్తూ పోయిందంటే, తెల్లారేసరికి డిస్క్ నిండవచ్చు. అంతా ఒకే పార్టిషన్ అయితే డేటాబేస్ కొత్త రికార్డు రాయలేదు, మెయిల్ ఆగిపోతుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (అడ్మినిస్ట్రేటర్) కోసం అట్టేపెడుతుంది. లాగ్ రాసే ప్రోగ్రామే రూట్ అధికారంతో నడుస్తుంటే అదీ మిగలదు. డేటాబేస్ కూడా సాధారణంగా వార్‌లోనే ఉంటుంది కాబట్టి, అందులోని లాగ్ ఫోల్డర్‌ను మళ్లీ వేరు చేయడం మేలు.

రెండోది, సిస్టమ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడం. హోమ్ విడిగా ఉంటే రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఫొటోలు, సెట్టింగులు ఉన్నచోటే ఉంటాయి. మూడోది భద్రత. టెంప్‌ను విడిగా మౌంట్ చేస్తే, అక్కడి ఫైళ్లను ప్రోగ్రాములుగా నడపనీయకుండా కట్టడి చేయవచ్చు.

ఇక నష్టాలు. పార్టిషన్ పొలంలో గట్టు లాంటిది. ఒక మడిలో నీళ్లు ఎక్కువైనా పక్క మడి మునగదు. పక్క మడి ఎండుతున్నా ఆ నీళ్లు అటు పోవు. రూట్‌కు 20 జీబీ ఇచ్చి మిగిలిందంతా హోమ్‌కు కేటాయిస్తే, హోమ్‌లో వందల జీబీ ఖాళీగా ఉండగానే రూట్ నిండి అప్‌డేట్లు ఆగిపోవచ్చు. గట్టు జరపడమూ తేలిక కాదు: ఈఎక్స్‌టీ4ను కుదించాలంటే ముందు అన్‌మౌంట్ చేయాలి. మరో నష్టం ఫైళ్లను మార్చడంలో. ఒకే పార్టిషన్‌లో ఫైలును మరో ఫోల్డర్‌కు మారిస్తే డేటా కదలదు, క్షణంలో పని అయిపోతుంది. పార్టిషన్ దాటితే ఫైలంతా కాపీ చేసి, పాతదాన్ని తుడిచేయాలి. పెద్ద వీడియో అయితే నిమిషాలు పడుతుంది.

పార్టిషన్లు బ్యాకప్ కావు. డిస్క్ పాడైతే అన్నీ కలిసే పోతాయి.

పార్టిషన్ల కొలత కుదరని చిక్కుకు మధ్యేమార్గాలున్నాయి. డిస్క్ చోటును మార్చుకోదగ్గ భాగాలుగా పంచే ఎల్‌వీఎమ్ వాడితే కొంత చోటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచి, అవసరమైన భాగానికి సిస్టమ్ నడుస్తుండగానే కలపవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో సబ్‌వాల్యూమ్‌లు పేరుకు వేరైనా ఖాళీ చోటును ఉమ్మడిగా వాడుకుంటాయి. 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి దాని డెస్క్‌టాప్‌కు ఇదే డిఫాల్ట్.

కొన్ని విషయాల్లో మాత్రం ఎంపిక తక్కువ. యూఈఎఫ్ఐ కంప్యూటర్ బూట్ కావడానికి ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ మామూలుగా ఉండాల్సిందే. స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) మాత్రం ఇప్పుడు విడి పార్టిషన్ అక్కర్లేదు, ఒక ఫైలు చాలు.

మొత్తం మీద, ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కు ఒకే పార్టిషన్ చాలు. తరచూ డిస్ట్రిబ్యూషన్లు మార్చేవారికి హోమ్ విడిగా ఉంటే శ్రమ తగ్గుతుంది. పలువురు వాడే సర్వర్‌లో హోమ్, లాగ్, టెంప్ వేరుగా ఉండటమే క్షేమం. వాటిని ఎల్‌వీఎమ్ మీద పెడితే, మొదట వేసిన కొలత తప్పినా తర్వాత సరిదిద్దుకోవచ్చు.