ఆడపిల్లల ఆటలు – శిక్షకుల బాధ్యత



బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లుకో, బొగ్గు గనులకో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్ళ ఆడపిల్ల కబడ్డీయో, ఖోఖోయో ఆడతానంటే అమ్మానాన్నల మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: పిల్లను ఎవరి చేతిలో పెడుతున్నాం? న్యాయమైన ప్రశ్నే.

2018లో మన చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల నుంచి పదిమంది గిరిజన విద్యార్థులు 'మిషన్ శౌర్య' పేరుతో ఎవరెస్టుకు వెళ్ళారు. అంతకుముందు నెలల తరబడి అంచెలంచెలుగా శిక్షణ పొందారు. మనీషా ధుర్వేతో సహా ఐదుగురు శిఖరం చేరారు. తక్కినవారు చేరలేదు. వారిని ఓడిపోయినవారని అనగలమా? పిల్లల్ని ఎక్కించడం ఒక విద్య, క్షేమంగా దింపుకు రావడం అంతకన్నా పెద్ద విద్య. మైదానంలోనూ ఇదే సూత్రం.

యుక్తవయసు ఆడపిల్లల్లో మోకాటి లోపలి కట్టు, అంటే ఏసీఎల్, తెగే ప్రమాదం అవే ఆటలాడే మగపిల్లలకన్నా ఎక్కువని వైద్య పరిశోధనలు తేల్చాయి. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో చటుక్కున మలుపు తిరిగేటప్పుడు ఇది జరుగుతుంది. ఖోఖోలో, కబడ్డీలో ఉన్నవి ఈ కదలికలేగా! ఆటకు ముందు ఓ పావుగంట ఒళ్ళు వేడెక్కించి, తొడల కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయించి, మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం నేర్పితే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. దీనికి ఖర్చేమీ లేదు, కావలసింది ఓపికే.

వాచిన మోకాటికి గుడ్డ చుట్టి ఫైనల్ ఆడించడం పట్టుదల కాదు. ఆ పిల్ల ముందున్న పదేళ్ళ ఆటను ఒక్క కప్పుకు తాకట్టు పెట్టడమే అవుతుంది. తరచు కళ్ళు తిరుగుతున్న పిల్లను బద్ధకస్తురాలని తిట్టేముందు రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించాలి. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటే జంకకుండా చెప్పుకునే చనువు ఉండాలి. పొరుగూరి పోటీలకు వెళ్ళేటప్పుడు జట్టు వెంట ఒక ఉపాధ్యాయిని తప్పక ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం పిల్లల రక్షణ కోసమే వచ్చిందని శిక్షకులతోపాటు పిల్లలకూ తెలియాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల ఇంటికి రాగానే 'గెలిచావా?' అనేముందు 'ఎక్కడైనా నొప్పిగా ఉందా, ఎవరైనా ఏమైనా అన్నారా?' అని అడగండి. మంచి శిక్షకుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

సెలవు.