ఒక ఫారం నుండి మరొక ఫారానికి సభ్యుని నంబరు

సంఘ కార్యదర్శుల శిక్షణా తరగతిలో లెక్కల విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం



మేము చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెడతాము. ఒక సంఘానికి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పాల లెక్కలు తయారుచేసి ఇచ్చాము. సభ్యుల ఫారంలో పేరు చూసి 'పాల నమోదు' బటను నొక్కితే రెండవ ఫారం తెరుచుకొని, అందులో ఆ సభ్యుని నంబరు దానంతటదే పడాలి. ఇక లీటర్లు, వెన్న శాతం వేస్తే చాలు. పదిరోజుల బిల్లు వచ్చింది. ఒక సభ్యురాలు పాసుపుస్తకం తెచ్చి, "పూట తప్పకుండా పోశాను గదయ్యా, మూడు పూటల పాలు ఏమైనాయి?" అని అడిగింది. అందరూ టెస్టరు వంక చూశారు. తీరా వెదికితే ఆ పాలు వరుసలో ఆమె ముందు నిలబడే సభ్యుని ఖాతాలో ఉన్నవి. తప్పు టెస్టరుది కాదు, మాది.

జరిగినది ఇది. ఒక ఫారాన్ని తెరిచే ఓపెన్‌ఫారం ఆజ్ఞలో చివరన ఓపెన్‌ఆర్గ్స్ అని ఒక చోటు ఉన్నది. మనిషి చేతికి చీటీ ఇచ్చి పంపినట్లు, అందులో సభ్యుని నంబరు పెట్టి పంపవచ్చును. రెండవ ఫారం ఆ చీటీని లోడ్ ఈవెంట్‌లో చదువుకుంటుంది. అయితే లోడ్ అనేది ఫారం తెరుచుకున్నప్పుడు ఒక్కసారే జరుగుతుంది. టెస్టరు మొదటి సభ్యుని పాలు వేసి, ఆ ఫారం మూయకుండానే సభ్యుల ఫారానికి వచ్చి, ఆమె పేరు తీసి బటను నొక్కాడు. అప్పటికే తెరిచి ఉన్న ఫారం ముందుకు వచ్చినదే గాని లోడ్ మళ్ళీ జరుగలేదు. పాత నంబరే నిలిచింది. నంబరు ప్రక్కన పేరు చూపే ఏర్పాటు కూడా మేము చేయలేదు. చేసి ఉంటే ఆ పూటే పట్టుబడేది.

ఇప్పుడు బటను నొక్కగానే, రెండవ ఫారం తెరిచి ఉంటే ముందు దానిని మూయించి, తరువాత తెరిపిస్తున్నాము. డైలాగ్ పద్ధతిలో తెరిస్తే మరీ మేలు. అది మూసేదాకా సభ్యుల ఫారాన్ని ముట్టుకోవడానికి వీలుండదు.

నమోదు ఫారమే సభ్యుల ఫారంలోకి తొంగిచూసి నంబరు తెచ్చుకోరాదా అని మీలో కొందరు అడిగారు. తెచ్చుకోవచ్చును. కాని సభ్యుల ఫారం మూసి ఉంటే, ఆ ఫారం కనబడలేదని తప్పు చూపిస్తుంది. తెరిచి ఉన్నా, ఎవరైనా అక్కడ మరొక పేరు మీదికి వెళితే ఇక్కడ మరొక నంబరు వస్తుంది. రద్దీవేళ దానిని నమ్ముకోలేము.

వేర్ కండిషన్ పని వేరు. ఒక సభ్యుని పాత నమోదులు మాత్రమే చూడాలంటే అది సరియైనది. కొత్త వరుసలో నంబరు వ్రాసిపెట్టడం దాని పని కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, నంబరు లేని పాలు నమోదైన చోట్లు కూడా ఉన్నవి.

చీటీలో నంబరు ఒక్కటే పంపండి. పేరు, ఊరు, బ్యాంకు ఖాతా పట్టికలో ఉండనే ఉన్నవి. అక్కడి నుండి తెచ్చుకోవాలి. పూట కూడా పంపవలసి వస్తే రెంటి నడుమ ఒక గీత పెట్టి పంపి, అవతల విడదీసుకోవచ్చును. కొత్త సభ్యుని చేర్చుకున్న వెంటనే పాలు వేయవలసి వస్తే, ముందు ఆ సభ్యుని రికార్డు సేవ్ చేయించాలి. సేవ్ కాని సభ్యుడు రెండవ ఫారానికి కనబడడు.

మీ సంఘాలకు వెళ్ళిన తరువాత ఒక పరీక్ష చేయండి. నమోదు ఫారం మూయకుండా వరుసగా ఇద్దరు సభ్యుల పేర్ల మీద బటను నొక్కి, రెండవసారి ఏ నంబరు వచ్చినదో చూడండి. పాత నంబరే ఉంటే ఆ పూట నుండి చేతి పుస్తకం కూడా వ్రాస్తూ, మాకు కబురు చేయండి.

ఆ సభ్యురాలి మూడు పూటల డబ్బు తరువాతి బిల్లులో కలిపి ఇచ్చాము. ముందు నిలబడే సభ్యుడు తన లెక్కలో తగ్గించినందుకు పేచీ పెట్టలేదు. టెస్టరుకు మాత్రం మేము స్వయంగా వెళ్ళి, అందరి ఎదుట క్షమాపణ చెప్పుకున్నాము.