ఇంకా మిగిలిన నలభై దినాలు



ఈస్టర్ సెలవులు ముగిశాయి. ఎండ వచ్చింది. బడి కిటికీలోంచి చూస్తే ఆటస్థలం పచ్చగా కనబడుతూ ఉంటుంది. ఈ రోజుల్లో ఏ తరగతిలోకి తొంగిచూచినా ఒకటే దృశ్యం. పుస్తకం బల్లమీద ఉంటుంది, మనసు బయట ఉంటుంది. మీలో చాలామంది సోమవారం నుంచి శుక్రవారం వరకు కాథలిక్ పాఠశాలల్లో చదువుతూ, వారాంతంలో ఈ తెలుగు తరగతికి వస్తున్నారు. కనుక ఈ సంగతి నాకంటె మీకే బాగా తెలుసు.

"ఆంధ్రులు ఆరంభశూరులు" అని మనవాళ్లను ఎగతాళి చేసే మాట ఒకటి ఉన్నది. పని మొదలుపెట్టడంలో మనకు సాటి లేరట, ముగించడంలో మాత్రం వెనుకబడతామట! మీ తాతగారినడగండి, నవ్వి ఊరుకుంటారు. ఈ మాట ఒక్క ఆంధ్రులకే ఎందుకు అంటగట్టారో నాకు తెలియదు. సెప్టెంబరులో కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుని, పెన్సిళ్లు చెక్కుకుని, మే నెల వచ్చేసరికి ఆ పుస్తకం ఎక్కడ పెట్టారో వెతుక్కునే పిల్లలు ప్రతి దేశంలోను ఉన్నారు.

మన తెలుగులో ఇంకొక సామెత ఉంది: ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. అక్కర తీరాక ఆదుకున్నవారిని మరిచిపోయేవాడిని గురించి చెప్పిన సామెత అది. మరి ఏరు మధ్యలో ఉండగానే తెప్ప తగలేసేవాడిని ఏమనాలి? దానికి సామెత లేదు. అంత తెలివితక్కువవాడు ఉంటాడని మన పెద్దలు అనుకొని ఉండరు!

ఇప్పుడు మీకు ఒక ఊరి కథ చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు, నిజంగా జరిగినది.

లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లియన్స్ అనే నగరం ఉంది. మిసిసిపీ నది ఒడ్డున, సముద్రానికి చేరువగా ఉంటుంది. నగరంలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. మన కృష్ణానది కరకట్టల వంటి పెద్ద పెద్ద గట్లు ఆ నగరాన్ని కాపాడుతూ ఉంటాయి. 2005 ఆగస్టు 29వ తేదీన కట్రీనా అనే తుఫాను వచ్చిపడింది. గట్లు తెగాయి. నగరంలో నూటికి ఎనభై పాళ్లు నీట మునిగింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, అటువంటి నీరు ఎంత భయంకరంగా ఉంటుందో వారు మీకు చెబుతారు.

ఆ ఊళ్లో బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు. అంటే పిల్లలు కొత్త తరగతిలో కూర్చుని పట్టుమని పదిహేను రోజులు కూడా కాలేదన్నమాట. అంతలో ఇల్లు లేదు, బడి లేదు, స్నేహితులు ఏ రాష్ట్రంలో ఉన్నారో తెలియదు. పన్నెండవ తరగతి పిల్లల సంగతి ఆలోచించండి. అది వారికి ఆఖరి సంవత్సరం. పట్టా చేతికి రావలసిన సంవత్సరం.

ఆ నగరంలో నల్లజాతి పిల్లల కోసం ఏర్పడి, మంచి పేరు తెచ్చుకున్న కాథలిక్ ఉన్నత పాఠశాలలు మూడు ఉండేవి. ఒకటి సెయింట్ మేరీస్ అకాడమీ. 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్లకు, నల్లజాతి కన్యాస్త్రీలే దీనిని స్థాపించారు. రెండవది 1951లో ఏర్పడిన సెయింట్ అగస్టీన్, మగపిల్లల బడి. దాని బాజాబృందం దేశమంతటా ప్రసిద్ధం. మూడవది జేవియర్ ప్రెప్, ఆడపిల్లల బడి. దీని వెనుక ఒక విశేషం ఉంది. ఫిలడెల్ఫియాలో గొప్ప ధనవంతుడైన బ్యాంకరు కుమార్తె కాథరీన్ డ్రెక్సెల్ సన్యసించి, తండ్రి ఆస్తిలో తన వంతుకు వచ్చిన ధనాన్నంతా నల్లజాతివారి చదువుకు, అమెరికన్ ఇండియన్ల చదువుకు వెచ్చించింది. ఆమె 1915లో మ్యాగజీన్ వీధిలో ఈ బడి పెట్టింది. తెల్లవారి బడిలో నల్లవారికి చోటులేని రోజులవి. పోప్ రెండవ జాన్ పాల్ 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

తుఫానులో మొదటి రెండు బడులు బాగా దెబ్బతిన్నాయి. జేవియర్ ప్రెప్‌కు మాత్రం అంత నష్టం కలుగలేదు. అప్పుడు ఆ మూడు బడుల పెద్దలు ఏం చేశారో వినండి. మూడు బడులను ఒక్క కప్పు కిందికి చేర్చారు. మేరీస్‌లోని ఎమ్, అగస్టీన్‌లోని ఏ, జేవియర్‌లోని ఎక్స్ కలిపి దానికి 'మ్యాక్స్' అని పేరు పెట్టారు. 2006 జనవరిలో మ్యాక్స్ బడి తెరుచుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆటల్లోను పాటల్లోను ఒకరితో ఒకరు పోటీపడిన బడులు అవి! ఇప్పుడు అవే గదులు, అవే బల్లలు, అవే వరండాలు. ఫిబ్రవరిలో, తపస్కాలానికి ముందు ఆ ఊళ్లో జరిగే మార్డీ గ్రా ఉత్సవంలో, మూడు బడుల పిల్లలు కలిసి ఒకే బాజాబృందంగా వీధుల్లో నడిచారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. జనవరిలో బడి తెరిచేనాటికి ఆ పిల్లలకు సంవత్సరంలో దాదాపు సగం గడిచిపోయింది. కొందరు వేరే ఊళ్లలో ఏదో ఒక బడిలో చదువుకుంటున్నారు. "ఈ యేడు ఎలాగూ పోయింది, వచ్చే యేడు చూద్దాం" అని ఎవరైనా అంటే తప్పుపట్టగలవారు లేరు. అయినా తిరిగివచ్చారు. ఇంకా బాగుపడని ఊళ్లోకి, ఎవరెవరి ఇళ్లలోనో తలదాచుకుంటూ, మిగిలిన అర్ధసంవత్సరాన్ని పూర్తి చేయడానికి వచ్చారు. మిగిలినది సగమే అయినా ఆ సగం చదువుదామనుకున్నారు.

అదే నగరంలో జెస్యూట్ ఉన్నత పాఠశాల ఉంది. విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించినది కూడా ఈ జెస్యూట్ గురువులే. మీ నాన్నల్లోను తాతల్లోను కొందరు అక్కడ చదివి ఉంటారు. వరద వచ్చాక ఈ పాఠశాల పిల్లలు కొన్ని వందలమంది టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు చేరారు. అక్కడి స్ట్రేక్ జెస్యూట్ పాఠశాల వారికి చోటిచ్చింది. అయితే పగలు ఆ గదుల్లో ఆ బడి పిల్లలే కూర్చోవాలి కదా! అందుకని వీరికి సాయంకాలం తరగతులు పెట్టారు. అందరూ ఇళ్లకు వెళ్లే వేళకు వీరు సంచులు పట్టుకుని బడికి వచ్చేవారు. నవంబరు చివరికి తమ బడి మళ్లీ తెరుచుకునే దాకా అలాగే చదువుకున్నారు. నేల అంతస్తు పాడైపోయింది కనుక పై అంతస్తుల్లో పాఠాలు మొదలుపెట్టారు.

పెద్దపిల్లల సంగతీ ఒకటి చెబుతాను. కాథరీన్ డ్రెక్సెల్ స్థాపించిన బడినుంచే జేవియర్ విశ్వవిద్యాలయం పుట్టింది. దానిని కూడా నీళ్లు ముంచాయి. అధ్యక్షుడు నార్మన్ ఫ్రాన్సిస్ జనవరికల్లా తెరుస్తామన్నారు, తెరిచారు. రెండు సెమిస్టర్ల చదువును జనవరి నుంచి ఆగస్టులోపల చెప్పి ముగించారు. వేసవి సెలవుల మాట లేదు. ఆ ఆగస్టులో జరిగిన పట్టప్రదానోత్సవానికి వచ్చి మాట్లాడినది ఎవరో తెలుసా? అప్పటికి ఇల్లినాయ్ సెనేటరుగా ఉన్న బరాక్ ఒబామా.

సరే, మీకు తుఫాను రాలేదు. ఎన్నడూ రాకూడదనే కోరుకుందాం. మీకు వచ్చినది ఎండ, బద్ధకం. నిజం చెప్పాలంటే బద్ధకంతోనే ఎక్కువ చిక్కు. తుఫాను వస్తే అందరికీ తెలుస్తుంది, సాయానికి పదిమంది వస్తారు. బద్ధకం వచ్చిన సంగతి రిపోర్టు కార్డు వచ్చేదాకా ఇంట్లోవారికి తెలియదు!

ఒక చిన్న లెక్క చేద్దాం. చాలా బడుల్లో ఏడాదిని నాలుగు భాగాలుగా విడగొడతారు. ఒక అమ్మాయికి మొదటి మూడు భాగాల్లో 90, 90, 88 వచ్చాయనుకుందాం. ఇంకేముంది, గట్టెక్కానని ఆఖరి భాగంలో పుస్తకం ముట్టలేదు, 70 వచ్చింది. నాలుగింటి సగటు 84.5. అదే 92 తెచ్చుకుంటే సగటు 90. మొదటి మూడు భాగాల కష్టం ఒక్కటే. తేడా తెచ్చినది ఈ మిగిలిన దినాలే. ఇప్పుడు ఇంకొక పిల్లవాడిని చూడండి. వాడికి 65, 68, 70 వచ్చాయి. "నా పని అయిపోయింది" అని కూర్చున్నాడు. ఆఖరిభాగంలో 85 తెస్తే వాడి సగటు 72 అవుతుంది. అది గొప్ప మార్కేమీ కాదు, ఒప్పుకుంటాను. కాని వచ్చే ఏడాది లెక్కల పంతులమ్మ ముందు కూర్చునే పిల్లవాడు వేరు. భిన్నాలు తెలిసిన పిల్లవాడు కూర్చుంటాడు.

మార్కులకంటె నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. పాఠ్యపుస్తకంలో చివరి పాఠాలకు ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది. అమెరికా చరిత్ర పుస్తకమే తీసుకోండి. కొలంబసు సెప్టెంబరులో వస్తాడు, అందరూ శ్రద్ధగా వింటారు. 1965వ సంవత్సరం మే నెలలో వస్తుంది, అప్పుడు సగంమంది కిటికీలోంచి చూస్తుంటారు. 1965లో ఏం జరిగింది? ఆ ఏడాది అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ స్వాతంత్ర్యదేవత విగ్రహం దగ్గర కూర్చుని కొత్త వలసచట్టం మీద సంతకం చేశాడు. అంతకుముందు, 1946 నాటి చట్టం ప్రకారం, ఏడాదికి నూరుమంది భారతీయులకే ఇక్కడ స్థిరపడే వీలుండేది. కొత్త చట్టం ఆ పద్ధతిని తీసివేసింది. గుంటూరునుంచి, వరంగల్లునుంచి డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రావడానికి దారి ఏర్పడింది అప్పుడే. అంటే మీరు ఈ దేశంలో ఎందుకున్నారో చెప్పే పాఠం, మీరు వినడం మానేసిన రోజుల్లో ఉందన్నమాట.

ఇక చేయవలసిన పనులు రెండు మూడున్నాయి. మీలో ఉన్నత పాఠశాలల్లో ఉన్నవారికి సేవాగంటలు ఉంటాయి కదా, వృద్ధాశ్రమంలోనో ఆహారనిధిలోనో పనిచేయవలసినవి. వాటిని మే చివరివారానికి మూటకట్టి పెట్టుకోకండి. అక్కడి ముసలివారికి మీ గంటలు నిండినా నిండకపోయినా ఒకటే, ఎవరైనా వచ్చి పలకరిస్తే చాలు. ఇవ్వని హోంవర్కులు ఉంటే ఈ వారమే సిస్టరుగారినో టీచరుగారినో అడిగి జాబితా రాసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి. ఏప్రిల్‌లో వచ్చి అడిగే పిల్లవాడంటే ఏ టీచరుకైనా ఇష్టమే. జూన్‌లో వచ్చి అడిగేవాడంటే కొంచెం తక్కువ ఇష్టం!

మ్యాక్స్ బడి సంగతి అడుగుతారేమో. అది ఆ ఒక్క అర్ధసంవత్సరం కోసం పుట్టిన బడి. సెయింట్ అగస్టీన్, సెయింట్ మేరీస్ మళ్లీ తమతమ పేర్లతో నడుస్తున్నాయి. జేవియర్ ప్రెప్ 2013లో మూతపడింది. ఆ బడిలో చదువుకున్న పాత విద్యార్థినులు ఊరుకోలేదు. అదే మ్యాగజీన్ వీధిలో, అదే చోట, సెయింట్ కాథరీన్ డ్రెక్సెల్ పేరుతో మళ్లీ బడి తెరిచారు.

వచ్చే శనివారం మీరు వచ్చేటప్పుడు ఒక పని చేసుకుని రండి. మీ బడిలో ఈ ఏడాదికి ఇంకా ఎన్ని పనిదినాలు మిగిలాయో క్యాలెండరు చూచి లెక్కపెట్టండి. నేను నలభై అన్నాను. కొందరికి ముప్ఫైఅయిదు ఉండవచ్చు, మంచుకు సెలవులిచ్చిన ఊళ్లవారికి నలభైఅయిదు ఉండవచ్చు. ఆ అంకెను, దాని పక్కన మీరు ఇంకా చదవని పాఠాల పేర్లను తెలుగులో రాసుకుని రండి. అచ్చుతప్పులు నేను దిద్దుతాను.

ఇక సెలవు.