నిప్పురవ్వ ఎప్పుడు పడాలి?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లివచ్చాను గనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నయాగరా గురించి ఇప్పటికే ముగ్గురు మాట్లాడారు. నేను ఒక చిన్న మోటారు గురించి చెబుతాను. నేను మెకానిక్కును కాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. కాకినాడలో మత్స్యశాఖ కార్యాలయంలో ఉండగా, నాటుపడవలకు బిగించే ఔట్‌బోర్డ్ మోటార్ల ఫైళ్లు ఎన్నో నడిపాను. ఆ మాట వేలసార్లు టైపు చేశానే గాని, మూత తీసి లోపల చూసింది లేదు. ఆ ముచ్చట 2023 వేసవిలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో మా చిన్నవాడింట్లో ఉండగా తీరింది.

ఆ మోటార్లకు ఆ రాష్ట్రం పుట్టినిల్లు లాంటిది. నార్వే నుంచి వచ్చి స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో పడవ వెనక తగిలించే మోటార్ల వ్యాపారం మొదలుపెట్టారు. ఆ దగ్గరలోనే సెడార్‌బర్గ్‌లో 1939లో కార్ల్ కీకేఫర్ పెట్టిన కంపెనీ నుంచి మెర్క్యురీ మోటార్లు వచ్చాయి. 1950లలో వాటిలో కొన్నింటిని ప్రత్యేకంగా పందాల కోసమే చేశారు.

మా వాడి పక్కింటాయనకు ఎనభై దాటాయి. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన షెడ్డులో మార్క్-20 హెచ్ అనే రేసు మోటారు ఉంది. రెండు సిలిండర్లు, దాదాపు 20 ఘనపు అంగుళాలు. అది కాలం చేసిన ఆయన అన్నగారిది. పందెం కోసం ఆ అన్నగారు కంప్రెషన్ పెంచారు, పెట్రోలు బదులు మిథనాల్ పోసి నడిపారు. తమ్ముడికి ఒకటే కోరిక. ఆగస్టులో పాత పడవలవాళ్లు చెరువు దగ్గర కలుసుకుంటారు, ఆ రోజున అన్నగారి మోటారు ఒక్కసారి నీటి మీద పరుగెత్తాలి. ఈసారి బంకులో దొరికే పెట్రోలుతోనే. అందుకని కార్బురేటరు జెట్లు అప్పటికే మార్చారు.

చిక్కల్లా ఇగ్నిషన్ టైమింగ్ దగ్గర వచ్చింది. ఫ్లైవీలు అంచు మీద అన్నగారు ఉలితో కొట్టిన గాట్లు రెండున్నాయి. ఏది దేనికో ఎక్కడా రాసిపెట్టలేదు.

టైమింగ్ అంటే ఏమిటో మన భాషలో మనవి చేస్తాను. ఒకటో తారీఖున జీతం చేతికి రావాలంటే బిల్లు ముందు నెలలోనే ట్రెజరీకి చేరాలి గదా! ఒకటో తారీఖున బిల్లు పెడితే జీతం ఎప్పటికో వస్తుంది. ఇంజనులోనూ అంతే. ప్లగ్గులో నిప్పురవ్వ పడగానే మంట సిలిండరంతా పాకదు, కొంత వ్యవధి పడుతుంది. పిస్టను పైకొస వరకు వచ్చి కిందికి మళ్లిన వెంటనే ఒత్తిడి అందుకోవాలంటే, రవ్వ ముందుగానే పడాలి. ఆ ముందుతనాన్నే అడ్వాన్స్ అంటారు, డిగ్రీలలో లెక్కిస్తారు. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజను సెకనులో వెయ్యోవంతుకు 36 డిగ్రీలు తిరుగుతుంది. వ్యవధి ఎంత స్వల్పమో చూడండి.

రవ్వ ఆలస్యమైతే బలం తగ్గుతుంది, వేడంతా పొగగొట్టం పాలవుతుంది. మరీ ముందైతే, పిస్టను ఇంకా పైకి వస్తుండగానే దాని నెత్తిన సమ్మెట దెబ్బ పడుతుంది. బుల్లెట్ కిక్కు వెనక్కి తన్ని కాలు పట్టేసినవారు మనలో ఉన్నారు. ఈ మోటారును తాడు లాగి స్టార్ట్ చేస్తారు. అడ్వాన్స్ పూర్తిగా ఇచ్చి తాడు లాగితే భుజం ఊడినంత పనవుతుంది. అందుకే ఒక లివరు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి, పరుగెత్తేటప్పుడు ముందుకు.

పక్కింటాయన బల్ల మీద పెన్సిళ్లు పెట్టుకునే ఒక పాత పిస్టను ఉంది. దాని నడినెత్తిన రూపాయి బిళ్లంత కన్నం! ఆయన మిత్రులొకరు ఎక్కడో చదివిన అంకెను తన మోటారుకు పెట్టిన ఫలితమట. అన్నగారి మోటారుకు అలాంటిదే జరిగితే మారు పిస్టన్లు లేవు.

ఇక మేం చేసిన పని. పాత లాంబ్రెట్టా నడిపినవారికి ఇందులో కొత్తేమీ లేదు. బ్యాటరీ ఉండదు. ఫ్లైవీలులోని అయస్కాంతాలు కరెంటు పుట్టిస్తాయి, పాయింట్లు విడిపోయిన క్షణాన రవ్వ పడుతుంది. కాబట్టి మొదట పాయింట్ల గ్యాప్ సరిచేయాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే పని మళ్లీ మొదటికే.

రెండోది, పిస్టను పైకొసకు ఎక్కడ చేరుతుందో ఖాయం చేయడం. కొస దగ్గర చక్రం కొంచెం తిరిగినా పిస్టను కదిలినట్టే ఉండదు, అందుకని కంటిని నమ్మకూడదు. ప్లగ్గు రంధ్రంలో అడ్డుమేకు బిగించి, పిస్టను దానికి తగిలేదాకా చక్రాన్ని మెల్లగా ఒకవైపు తిప్పి గుర్తు పెట్టారు. రెండోవైపు తిప్పి ఇంకో గుర్తు. ఆ రెంటికీ నడిమధ్య ఉన్నదే అసలు కొస.

తర్వాత టేపు నా చేతికి వచ్చింది. ఫ్లైవీలు చుట్టుకొలత 720 మిల్లీమీటర్లు. అంటే డిగ్రీకి 2 మిల్లీమీటర్లు. అన్నగారి గాట్లు కొసకు ముందు 62 దగ్గర ఒకటి, 70 దగ్గర ఒకటి. అంటే 31 డిగ్రీలు, 35 డిగ్రీలు. నాలుగు డిగ్రీలే గదా అనుకోకండి. స్ట్రోకు 54 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 108 మిల్లీమీటర్లు ఉన్న ఇంజను అనుకుంటే, 30 డిగ్రీల దగ్గర పిస్టను కొసకు నాలుగున్నర మిల్లీమీటర్ల దిగువన ఉంటుంది. 35 దగ్గర ఆరు మిల్లీమీటర్లు.

"పందేలు గెలిచింది 35తోనే అయ్యుంటుంది, అదే పెడదాం" అన్నారాయన. అన్నగారి చెయ్యి పడిన గాటు, ఆ మమకారం నాకు అర్థమైంది. కాని ఒక మాట అడిగాను. "అప్పుడు పోసింది మిథనాల్ గదా, ఇప్పుడు పోసేది పెట్రోలు. పాత ఆర్డరు కొత్త కేసుకు వర్తిస్తుందా?" మిథనాల్ సిలిండరును చల్లబరుస్తుంది, పెట్రోలులా తేలిగ్గా 'నాక్' కొట్టదు. పైగా కంప్రెషన్ పెంచిన ఇంజనులో మంట వేగంగా పాకుతుంది, అడ్వాన్స్ తక్కువే చాలు. ఈ సంగతులన్నీ ఆయన నాకు నేర్పినవే. నా అనుభవం మటుకు ఒకటే. సందేహం ఉన్నప్పుడు, దిద్దుకోవడానికి వీలున్న తప్పు వైపు ఉండాలి. ఆలస్యమైతే బలమే తగ్గుతుంది, మరునాడు సర్దుకోవచ్చు. తొందరపడితే పిస్టను పోతుంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "28 దగ్గర మొదలెడదాం" అన్నారు.

లివరును పూర్తి అడ్వాన్స్ దగ్గర ఆపుకు ఆనించి ఉంచి, కాయిల్ వైరు విప్పి, పాయింట్లకు మీటరు తగిలించారు. చక్రాన్ని అది నడిచే దిశలోనే తిప్పుతూ, ముల్లు కదిలిన చోటే రవ్వ పడే చోటని చూసి, ఆ చోటు 28కి వచ్చేలా సర్దారు. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూశారు. నీళ్ల తొట్టిలో నడిపి టైమింగ్ లైటు వేస్తే, రెండోది మొదటిదానికంటే రెండు డిగ్రీలు ముందుంది. దాని గ్యాప్ కాస్త తగ్గించి సమం చేశారు. తిరిగే చక్రం దగ్గరికి నన్ను మాత్రం రానివ్వలేదు, చొక్కా అంచు చిక్కుకుంటుందని.

చెరువులో 28తో మోటారు కొంచెం మందంగా నడిచింది. 30కి జరిపాం. చురుకు వచ్చింది. పూర్తి వేగంలో ఉండగానే ఆపి, ప్లగ్గులు విప్పి భూతద్దంతో చూశాం. పింగాణీ మీద అల్యూమినియం పొడి మెరిస్తే పిస్టను కరుగుతున్నట్టు. ఏమీ లేదు. ఇంకో డిగ్రీ జరిపితే అన్నగారి మొదటి గాటు. ఆయన గాటు మీద వేలు పెట్టి చూసుకుని "చాలు" అన్నారు.

ఆగస్టులో ఆ మోటారు నీటిని చీల్చుకుంటూ పోయింది. ఒడ్డున నాకు చెవులు మూసుకోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చి ఆయన ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు.

నేను చేసిన మెకానిక్కు పని ఏమీ లేదు. రోజూ ఏం మార్చాం, ఏ ఇంధనం, ఎంత గ్యాప్, ఎన్ని డిగ్రీలు, ప్లగ్గు ఎలా ఉంది అని సర్వీసు రిజిస్టరులా ఎక్కించాను. చివర సారాంశం ఒక కార్డు మీద రాసి మోటారు పెట్టెకు అంటించాను. "బంకు పెట్రోలుకు 30 డిగ్రీలు. ఉలి గాట్లు మిథనాల్ కాలానివి. నమ్మరాదు."

నిరుడు ఆయన కాలం చేశారు. మోటారు మనవడి చేతికి వచ్చింది. గాట్లు చూసి 35కి జరపబోయి, కార్డు చదివి ఆగాడట. మావాడు ఫోనులో చెప్పాడు.

అన్నగారికి అంతా తెలుసు, కాని రాయలేదు. మనం కూడా అంతే సుమండీ. పి.పి.ఓ. నంబరు, నామినేషన్, బ్యాంకు వివరాలు అన్నీ మన తలలోనే గాట్లలా ఉన్నాయి. ఏది దేనికో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. అదీ ముందుగానే.