గ్రానోన్ కొండ మీద పసుపు జెర్సీ

టూర్ డి ఫ్రాన్స్ అనగానే విజేత పేరొక్కటే వినిపిస్తుంది. నిజానికి మూడు వారాల ఆ సైకిల్ పందెం జట్టు ఆట. ముందువాడు గాలిని చీల్చుకుంటూ తొక్కితే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే నాయకుడి కోసం సహచరులు ఎదురుగాలికి అడ్డం నిలుస్తారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు.

2022 జులై 13 సంగతే చూడండి. అంతకుముందు వరుసగా రెండేళ్లు గెలిచిన స్లొవేనియా కుర్రాడు తదే పొగాచర్ ఒంటి మీద, మొత్తం పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఉంది. ఒక్కడిగా అతణ్ణి ఓడించడం కష్టమని జంబో-విస్మా జట్టుకు తెలుసు. ఆల్ప్స్‌లో గాలిబియే కొండ దగ్గర ఆ జట్టువాళ్లు ప్రిమోష్ రోగ్లిచ్, యోనస్ వింగెగోర్ మార్చి మార్చి వేగం పెంచి ముందుకు దూకారు. రోగ్లిచ్‌ను పోనిద్దామా అంటే అతనూ సామాన్యుడు కాడు, 2020లో ముగింపు ముందురోజు దాకా పసుపు జెర్సీ అతనిదే. దాంతో పొగాచర్ ప్రతిసారీ తనే లేచి వెంటాడాడు.

ఆఖరున గ్రానోన్, 2,413 మీటర్ల ఎత్తు. వింగెగోర్ మళ్లీ దూకాడు. ఈసారి పొగాచర్ కాళ్లలో సత్తువ లేదు. జెర్సీ జిప్పు విప్పుకుని, తల వేలాడేసి తొక్కుతూ దాదాపు 3 నిమిషాలు వెనకబడ్డాడు. ఆ ఏటి టైటిల్ డెన్మార్క్ వాడైన వింగెగోర్‌ది. అందులో రోగ్లిచ్ వాటా చాలా పెద్దదని నా నమ్మకం. అతను మాత్రం గాయాలతో పారిస్ చేరకముందే పందెం విడిచిపెట్టాడు.