తెరకావలి మనిషి

పట్టభద్రులైన యువతీయువకులారా!

మీలో పెక్కురు ఇకమీదట ఎన్నడును ముఖము చూడని పై అధికారుల ఆజ్ఞలను, ఏ ఖండముననో ఉన్న సహోద్యోగుల సందేహములను కంప్యూటరు తెరమీదనే చదువుకొని, ఆ తెరమీదనే బదులు వ్రాయుచు ఉద్యోగయాత్ర సాగింపబోవుచున్నారు గావున, అవతలి మనుష్యుని మనము ఎట్లు ఊహించుకొనుచున్నామో విచారించుట ఈ సభలో అనుచితము కాదని తలంచెదను.

సమక్షమున మాటాడునపుడు కంఠస్వరమును, కనుబొమల కదలికయు, మాటల నడుమ మౌనమును అర్థమునకు తోడ్పడుచుండును. వ్రాతలో ఇవి లోపించును. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మొదలగువారు 2005లో ప్రకటించిన పరిశోధనయందు, కొన్ని వాక్యములను ఎకసెక్కెముగను కొన్నిటిని నిజముగను ఈమెయిలు ద్వారా పంపించి చూడగా, తమ భావము నూటికి 78 పాళ్లు అవతలివారికి బోధపడునని పంపినవారు నమ్మిరి. బోధపడినది 56 పాళ్లే. నాణెము ఎగురవేసి చెప్పినను సగము సరిపడును గదా! నోటితో చెప్పి వినిపించినపుడు 73 పాళ్లు తెలిసినది. వ్రాయువాని చెవిలో తన స్వరము మ్రోగుచునే ఉండును. చదువువాడు దానిని వినజాలడు. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్కాట్ ఫాల్‌మన్ విరామచిహ్నములతో నవ్వుమొగమును సూచించినది, పరిహాసమును పరిహాసముగా గుర్తింపజేయుటకే. వాని వారసులైన నేటి పసుపుపచ్చని ముఖములు నాకు రుచింపవు గాని, వాటి ఉపకారమును కాదనజాలను.

ఇంతకంటె విచిత్రమైనది వేరొకటి కలదు. జోసెఫ్ వాల్తర్ అను అమెరికా పండితుడు 1996లో, తెరద్వారా పరిచితులైనవారు ఒక్కొక్కప్పుడు సమక్షమున కలసినవారికంటెను గాఢముగ సన్నిహితులగుదురని ప్రతిపాదించెను. వ్రాయువాడు తీరికగా దిద్దుకొని తన మంచినే చూపును. చదువువాడు ఆ కొద్దిపాటి మంచినుండి నిండు విగ్రహమును మలచుకొని, దానితోనే సంభాషించుచుండును.

నా మట్టుకు అపార్థముకంటె ఈ ఆరాధనయే అధిక భయంకరముగ తోచుచున్నది. పై అధికారి అర్ధరాత్రి "చూచితిని" అని ఒక్క ముక్క వ్రాసి ఊరకుండిన, మీరు నిద్ర చెడగొట్టుకొని, మరునాడు ఫోను చేసి, ఆయన ప్రయాణపు తొందరలో అట్లు వ్రాసెనని తెలిసికొని నవ్వుకొందురు. మెచ్చుకొన్న వాని విషయమున ఎవ్వరును ఫోను చేసి నిగ్గు తేల్చుకొనరు. ముఖమెరుగని స్నేహితునకు ధనమర్పించి వగచినవారిలో మీవలె పట్టములు పుచ్చుకొన్నవారును కలరు.